వియ్యంకుడు కట్టిన గోడ



కుటుంబ ప్రార్థనలో బైబిలును వరుస తప్పకుండా చదివే ఇళ్లు మనలో ఇంకా ఉన్నాయి. అక్కడ కూడా దినవృత్తాంతములు మొదటి గ్రంథం వచ్చేసరికి "ఇవన్నీ పేర్లేలే" అని పెద్దవాళ్లు తొమ్మిది అధ్యాయాలు దాటించేస్తారు. బడికి టైమవుతున్న పిల్లల్ని కూర్చోబెట్టి నోరు తిరగని వంశావళులు ఎవరు చదివిస్తారు? నేను తప్పుపట్టను.

ఆ తొమ్మిది అధ్యాయాల్లో ఒక్కడికి మాత్రం ఈ కాలంలో దశ తిరిగింది. నాలుగో అధ్యాయం 9, 10 వచనాల్లో యబ్బేజు తన సరిహద్దు విశాలం చేయమని దేవుణ్ణి అడుగుతాడు, దేవుడు ఇస్తాడు. 2000లో బ్రూస్ విల్కిన్సన్ ఆ ప్రార్థన మీద రాసిన చిన్న పుస్తకం లక్షల్లో అమ్ముడుపోయింది. మన క్యాలెండర్ల మీద, జనవరి ఒకటిన తీసుకునే వాగ్దాన కార్డుల మీద కూడా యబ్బేజు వెలిశాడు. సంతోషమే. అయితే పైకి వచ్చినవి రెండు వచనాలు. అధ్యాయం కిందే ఉండిపోయింది. అందులోనే, 21లో సన్నని వస్త్రాలు నేసే ఇళ్లవాళ్లున్నారు, 23లో రాజు పని చేసిపెట్టే కుమ్మరులున్నారు. యబ్బేజు ఏం అడిగాడో రాశారు. వీళ్లు ఏం అడిగారో రాయలేదు, ఏం పని చేశారో రాశారు. ఆశీర్వాదం గురించి ఆ అధ్యాయం చెప్పేది ఈ ఇద్దర్నీ పక్కపక్కన చూసినవాడికే అందుతుంది. మరుగున పడిన వచనాన్ని ఏరి కార్డుకెక్కించకుండా, దాని జాబితాలోనే ఉంచి చదవాలన్నది నా వాదం.

అందుకు నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయాన్ని మించిన చోటు లేదు. కాలం క్రీ.పూ. 445 ప్రాంతం. పారసీక రాజు అర్తహషస్తకు గిన్నె అందించే కొలువులో ఉన్న నెహెమ్యా సెలవు తీసుకుని యెరూషలేముకు వచ్చాడు. కూలిన ప్రాకారం 52 రోజుల్లో లేచింది. మూడో అధ్యాయం 32 వచనాలూ ఎవరు ఏ భాగం కట్టారన్న లెక్కే, మన ఉపాధి హామీ మస్టరు లాగా.

ఆ మస్టరులో కంసాలులున్నారు, పరిమళద్రవ్యాలు చేసేవాళ్లున్నారు. తాపీ పట్టి ఎరుగని చేతులు. పెంటగుమ్మాన్ని నిలబెట్టినవాడు ఒక ప్రదేశానికి అధిపతి. షల్లూము అనే మరో అధికారి కూతుళ్లతో కలిసి కట్టాడు. ఆ పిల్లల పేర్లు మాత్రం రాయలేదు, ఆ లోటు లోటే. తెకోవ ఊరివాళ్లు పనికి వచ్చారు గాని వాళ్ల ఘనులు మెడ వంచలేదని ఐదో వచనం మొహమాటం లేకుండా చెబుతుంది. 27కి వచ్చేసరికి అదే తెకోవవాళ్లు ఇంకో భాగం కడుతూ కనబడతారు. దొరలు ఎగ్గొట్టిన వంతు తీర్చడానికా? వచనం చెప్పదు, నేను అల్లను. చాలామంది ఎవరి ఇంటికి ఎదురుగా ఉన్న గోడ వాళ్లు కట్టారు. స్వార్థమే అనుకోండి, సొంత గుమ్మం ముందు గోడలో కల్తీ ఎవడు చేస్తాడు?

అందరిలోకీ నన్ను పట్టి నిలిపినవాడు బెరెక్యా కుమారుడు మెషుల్లాము. నాలుగో వచనంలో ఒక భాగం, 30లో తన గదికి ఎదురుగా మరో భాగం కట్టాడు. ఇక్కడితో ఆపితే బల్లగుద్ది ప్రసంగం చేయొచ్చు. కాని ఆరో అధ్యాయం 18వ వచనం కూడా ఉంది. గోడ లేవకుండా ఎత్తులు వేసిన టోబీయా కొడుక్కి పిల్లనిచ్చింది ఈ మెషుల్లామే! ప్రధాన యాజకుడు ఎల్యాషీబు ఇంటి సంగతీ అంతే. మూడో అధ్యాయంలో మొదటి పేరు ఆయనది, గొర్రెల గుమ్మాన్ని ప్రతిష్ఠించింది ఆయన. 13వ అధ్యాయానికి ఆయన మనవడొకడు ఇంకో విరోధి సన్బల్లటుకు అల్లుడై కూర్చున్నాడు. సంఘ కమిటీల్లో కూర్చున్నవాళ్లకు ఈ వియ్యాల ఇరకాటం విడమర్చి చెప్పక్కర్లేదు. మచ్చలేనివాళ్లు దొరికేదాకా దేవుడు ఆ గోడను ఆపలేదు. ఉన్నవాళ్ల చేతనే కట్టించాడు. అలాగని వాళ్ల చుట్టరికాలను పుణ్యం చేయనూ లేదు, ఆ మనవణ్ణి నెహెమ్యా తరిమేశాడు.

గ్రంథాన్ని కూర్చినవాళ్లకు ఇవన్నీ తెలుసు. మూడో అధ్యాయంలో మెషుల్లాము పేరు కొట్టేయలేదు, ఆరో అధ్యాయంలో వియ్యం సంగతి దాచలేదు.