కోడంబాకం నుంచి కొండలమీదికి

ఒక ఊరు విడిచి మరొక ఊరు చేరిన మనిషి ‘ఇక ఇదే నా ఊరు’ అని ఎప్పుడు అనుకొంటాడు? ఈ ప్రశ్నకు రేషను కార్డు ఒక జవాబు చెప్తుంది, ఇంటిపన్ను రసీదు మరొక జవాబు చెప్తుంది. ఆ రెండూ చేతికి వచ్చిన తరువాత కూడా ఏళ్ల తరబడి పరాయివారివలె మసలేవారిని మనం ఎరుగుదుము. అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు సంక్రాంతికి ఫోను చేసి ‘ఇంటికి ఎప్పుడు వస్తామో’ అంటారు. ఆ ఇల్లు అనేది తెనాలిలో ఉన్నదా, వారు అప్పుచేసి కొనుక్కొన్న కొత్త మేడలో ఉన్నదా అన్నది వారికే తేలదు.

ఈ సంగతి విచారించడానికి సముద్రాలు దాటనక్కరలేదు. మన జూబిలీ హిల్సు, ఫిలింనగరు వీథులలోనే ఒక పెద్ద వలస కథ ఉన్నది. ఒక పరిశ్రమకు పరిశ్రమే, నటులూ, నిర్మాతలూ, వంటవారూ, దుస్తులు కుట్టేవారూ, దీపాలు మోసేవారూ సహా, ఒక మహానగరం విడిచి మరొక మహానగరానికి తరలివచ్చిన కథ అది.

తెలుగు చిత్రం పుట్టుకతోనే పరదేశి. 1932లో విడుదలయిన మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ బొంబాయిలో తయారయినది. ఆ తరువాత కొన్ని చిత్రాలకు కలకత్తా పురిటిల్లు అయినది. 1936లో నిడమర్తి సూరయ్యగారు రాజమహేంద్రవరంలో దుర్గా సినీటోను నెలకొల్పి, గోదావరి గట్టుననే చిత్రాలు తీయాలని పూనుకొన్నారు గాని, ఆ దీపం ఎక్కువకాలం నిలువలేదు. చివరకు అందరికీ ఆశ్రయమిచ్చినది మద్రాసు.

ఆనాడు మద్రాసు పరాయి ఊరు అనడానికి వీలులేదు. అది ఉమ్మడి రాష్ట్రానికి రాజధాని. తెలుగు పత్రికలు, ప్రచురణ సంస్థలు, 1938లో ప్రసారాలు మొదలుపెట్టిన రేడియో కేంద్రం, అన్నీ అక్కడనే. కృష్ణా, గుంటూరు, గోదావరి మండలాల నుంచి రంగస్థలం మీద పద్యం పాడగలిగిన ప్రతి యువకుడూ రైలెక్కి అక్కడికే చేరినాడు. వడపళనిలో వాహినీ స్టూడియో లేచినది. ఒకప్పుడు ఆసియా ఖండంలోనే పెద్దదని దానికి పేరు. కోడంబాకంలో పని, త్యాగరాయనగరంలో ఇల్లు, పాండీబజారులో సాయంకాలపు షికారు. ఇంతకంటె స్థిరమైన జీవితం ఏముంటుందని అనుకొని ఉంటారు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినది. మద్రాసు మనకు రాలేదు. ఇక్కడ ఒక విచిత్రం గమనించవలసి ఉన్నది. ఆనాడు సినిమావారు ఎవ్వరూ గడప దాటలేదు. ఇల్లు ఉన్నచోటనే ఉన్నది, ఎల్లగీత మాత్రం జరిగినది. నిన్నటిదాకా స్వస్థలంలో ఉన్నవారు తెల్లవారేసరికి ప్రవాసులయినారు. తెలుగువారి పెళ్లివిందు అనగానే జ్ఞాపకం వచ్చే ‘మాయాబజార్’ 1957లో విడుదలయ్యేనాటికి, అది రూపొందిన ఊరు తెలుగు రాష్ట్రంలో లేదు!

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించి హైదరాబాదు రాజధాని అయిన తరువాత, ‘మీ ఇల్లు ఇక్కడ కదా, రండి’ అన్న పిలుపులు మొదలయినవి. అమీరుపేటలో సారథీ స్టూడియో వెలసినది. 1959లో వచ్చిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ పూర్తిగా హైదరాబాదులోనే చిత్రీకరణ జరుపుకొన్న తొలి తెలుగు చిత్రమని చెప్తారు. 1964లో ప్రభుత్వం నంది బహుమతులు నెలకొల్పినది. అయినా పరిశ్రమ కదలలేదు. పిలుపు అందుకొన్న చుట్టం ‘వస్తాంలెండి, పిల్లల పరీక్షలు కానీయండి’ అన్నట్టుగా ఉండిపోయినది. చుట్టాన్ని తప్పుపట్టడానికి లేదు. పరిశ్రమ అంటే నాలుగు గోడలు, ఒక కెమెరా కాదు. అర్ధరాత్రి దీపం పాడయితే లేచివచ్చి బాగుచేసే మనిషి, రెండు గంటలలో రాజుగారి కిరీటం తయారుచేయగల కంసాలి, వీణ వాయించేవాడు, విగ్గు అతికేవాడు, వీరందరూ నడచివచ్చేంత దూరంలో ఉండాలి. అటువంటి వాడను కట్టడానికి మద్రాసుకు 20 ఏళ్లకు పైగా పట్టినది.

అక్కినేని నాగేశ్వరరావుగారు 1960ల ఆరంభంలోనే హైదరాబాదుకు కాపురం మార్చినారు. 1969లోనూ, 1972లోనూ రాష్ట్రం రెండువైపులా ఆందోళనలతో అట్టుడికినది. ఆ వేడి తగ్గిన తరువాత, 1976లో, బంజారా హిల్సు అంచున 22 ఎకరాల రాతినేల మీద ఆయన తన భార్య పేరిట అన్నపూర్ణ స్టూడియో ప్రారంభించినారు. ఆ కాలంలోనే రామారావుగారు నాచారంలో రామకృష్ణ స్టూడియో కట్టినారు. 1980లలో కృష్ణగారి పద్మాలయా, 1989లో రామానాయుడుగారి స్టూడియో వచ్చినవి. ఈ కొండలను అప్పటి కన్నులతో ఊహించుకొనండి. ఏనుగులు పడుకొన్నట్టు బండలు, బండల నడుమ సీతాఫలపు పొదలు, చీకటిపడితే మనిషి అలికిడి లేని దారులు. ఇప్పుడు అక్కడ గజం నేల కొనడం సామాన్యుడు కలలో కూడా తలపెట్టని పని. వెనుకటివారు రాయి చూచి భయపడినారు, ఇప్పటివారు ధర చూచి భయపడుతున్నారు.

స్టూడియోలు వచ్చినవి కాబట్టి పరిశ్రమ స్థిరపడినది అనుకొంటే పొరపాటు. ఏళ్ల తరబడి దానికి రెండు వంటిళ్లు. చిత్రీకరణ ఇక్కడ జరిగేది. చిత్రించిన ఫిలిం డబ్బాలు కడిగించుకోవడానికి మద్రాసులోని జెమినీకో ప్రసాదుకో వెళ్లేవి. పాటల రికార్డింగు అక్కడ, నేపథ్యసంగీతం అక్కడ. రేడియోలో ఆ పాటలు విన్న మనకు ఆ గొంతులు ఏ ఊరిలో పలికినవో తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. కాని ఆ చిత్రాల దర్శకుల బ్రతుకు సగం రైలులో, సగం విమానంలో గడిచినది. రాత్రి సామాను సర్దుకొంటూ ‘ఊరు వెళ్తున్నాను’ అంటే ఏ ఊరని ఇంట్లోవారు అడగవలసి వచ్చేదట.

ఆ దారాలు ఒక్కొక్కటే తెగినవి. కొన్ని ప్రయత్నం మీద తెగినవి. ఇక్కడ రికార్డింగు థియేటర్లు, లేబొరేటరీలు లేచినవి. చివరి దారం మాత్రం ఎవరూ తెంపకుండానే తెగిపోయినది. డిజిటల్ కెమెరాలు వచ్చి, 2010 తరువాత కొద్ది ఏళ్లలోనే ఫిలిం అనే పదార్థమే వాడుక తప్పినది. కడిగించడానికి డబ్బాయే లేకపోయిన తరువాత మద్రాసు రైలెక్కవలసిన పని ఏమున్నది?

ఈ వలసలో అందరూ సాధారణంగా మరచిపోయే ఒక వర్గం ఉన్నది. తెలుగు చిత్రం ‘స్వదేశం’ చేరినప్పుడు దాని వెంట అరవనాటి కార్మికులు కూడా వచ్చినారు. స్టంటు చేసేవారు, నృత్యం నేర్పేవారు, రంగు వేసేవారు. తెలుగువారికి ఇది తిరిగిరావడం. వారికి ఇది కొత్త దేశం. కృష్ణానగరులో అటువంటి పెద్దమనిషి ఒకరితో కొంతసేపు మాట్లాడినాను. దుస్తుల శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవారు. ‘ఇంట్లో అరవం, సెట్టులో తెలుగు, కూరగాయల బండి దగ్గర హిందీ సార్, మూడు నాలుకలు’ అన్నారు నవ్వుతూ. ‘మరి ఇది మన ఊరే అని ఎప్పుడు అనిపించిందండీ?’ అని అడిగినాను. ఇల్లు కొన్న రోజు చెప్తారనుకొన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి, ‘మా ఆవిడ కాఫీపొడి మాంబళం నుంచి తెప్పించడం మానేసింది సార్. ఎప్పుడు మానేసిందో నాకూ తెలియదు. ఒకరోజు చూస్తే డబ్బా మీద అమీరుపేట కొట్టు పేరుంది. అప్పుడు అనుకున్నాను, ఇంక తిరిగి పోయేది లేదని’ అన్నారు. ఆ మాటలో సంతోషం ఎంత, దిగులు ఎంత అని వేరుచేసి చెప్పడం నాకు చేతకాలేదు.

కాఫీపొడి సంగతి అలా ఉంచి, భాష మాటకు వద్దాము. నా దృష్టిలో అసలు పరీక్ష అదే. కోస్తా జిల్లాల నుంచి మద్రాసు మీదుగా వచ్చిన చిత్రపరిశ్రమ ఈ ఊరికి తన తెలుగును వెంట తెచ్చుకొన్నది. ఇక్కడి తెలుగు దానికి వింతగా తోచినది. చాలాకాలం వెండితెర మీద తెలంగాణ పలుకుబడి హాస్యగానికో, రౌడీకో దక్కేది; నాయకుడు మాత్రం కృష్ణాతీరపు మాట మాట్లాడేవాడు. అతిథి ఇంటిలో భోజనం చేస్తూ, గృహస్థు మాటతీరును వెక్కిరించడం వంటిది అది. 1980లో వచ్చిన ‘మా భూమి’, 1988 నాటి ‘దాసి’ వంటి చిత్రాలు ఈ నేల గొంతును గౌరవంతో వినిపించినవి గాని, అవి ప్రధాన ప్రవాహానికి దూరంగా నిలిచిన ప్రయత్నాలు. ఇటీవలి సంవత్సరాలలోనే గాలి తిరిగినది. 2017లో ‘ఫిదా’ నాయిక బాన్సువాడ పిల్లగా తన ఊరి మాటే మాట్లాడితే ఇరు రాష్ట్రాలవారూ ముచ్చటపడినారు. 2023లో వచ్చిన ‘బలగం’ తెలంగాణ పల్లెలో ఒక ముసలాయన చావు చుట్టూ అల్లిన కథ. పిండం ముట్టని కాకి కోసం ఆ కుటుంబం పడే యాతన చూచి కోనసీమవారూ కన్నీరు పెట్టుకొన్నారు. మద్రాసు నుంచి వచ్చిన పరిశ్రమ ఇక్కడ కాపురం ఉండడం మొదలుపెట్టి అప్పటికి అర్ధశతాబ్దం దాటినది. కాలం ఎక్కువే పట్టినదని ఒప్పుకోవాలి.

ఈలోగా పాత విచిత్రం మరొకసారి జరిగినది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడినది. మళ్లీ ఎవరూ గడప దాటలేదు, మళ్లీ గీత జరిగినది. ఫిలింనగరులోని అనేక కుటుంబాలకు స్వగ్రామం ఒక రాష్ట్రం, నివాసం మరొక రాష్ట్రం అయినది. ‘విశాఖపట్టణం పోదామా? సముద్రం ఉన్నది, స్టూడియో కూడా ఒకటి ఉన్నది’ అన్న చర్చలు పత్రికలలో చాలా నడిచినవి. హైదరాబాదు ఇరు రాష్ట్రాలకు ఉమ్మడి రాజధానిగా ఉండే పదేళ్ల గడువు 2024 జూన్ 2తో తీరిపోయినది. పరిశ్రమ కదలలేదు. 1953లో మద్రాసు నుంచి వెంటనే కదలకపోవడానికి వసతులు కారణం. ఈసారి వసతులకు మించిన కారణం ఉన్నది. మద్రాసులో సెట్టు దాటి వీథిలోకి వస్తే ప్రేక్షకుడు అరవం మాట్లాడేవాడు; ఇక్కడ స్టూడియో గేటు ముందు టీ తాగే ఆటో డ్రైవరే మొదటి విమర్శకుడు. అటువంటి ఇరుగుపొరుగును సామాను బండిలో ఎక్కించుకొని పోవడం కుదరదు. 2025లో తెలంగాణ ప్రభుత్వం చలనచిత్ర బహుమతులను గద్దర్ పేరిట ప్రదానం చేసినది. ఆ గద్దరే ‘మా భూమి’లో తెర మీద కనిపించి పాడినవాడు.

అందరూ తరలిరాలేదు. ముళ్లపూడి వెంకటరమణగారు 2011లో, బాపుగారు 2014లో మద్రాసులోనే కన్నుమూసినారు. ఆ ఊరు పేరు 1996లోనే చెన్నై అయినది గాని, వారి వయసువారికి అది ఎన్నటికీ మద్రాసే. బాలసుబ్రహ్మణ్యంగారు దేశమంతా పాడి, చివరిదాకా ఆ నగరవాసిగానే ఉండి, 2020లో అక్కడనే వెళ్లిపోయినారు. వారిని ‘రాలేదు’ అనడం కూడా న్యాయం కాదేమో. వారు తమ ఇంట తాము ఉన్నారు.

ఇక్కడికి వచ్చినవారి సంగతి చూస్తే, 2014 జనవరిలో నాగేశ్వరరావుగారి అంత్యక్రియలు అన్నపూర్ణ స్టూడియో ఆవరణలోనే జరిగినవి. కృష్ణాజిల్లాలో పుట్టి, మద్రాసులో పేరు సంపాదించి, ఒకప్పుడు వద్దని స్నేహితులు వారించిన రాళ్ల నడుమ ఆయన కలిసిపోయినారు. ఫిలింనగరుకు దాపుననే మహాప్రస్థానం అనే శ్మశానవాటిక ఉన్నది. 2022 నవంబరులో కృష్ణగారి దేహాన్ని పద్మాలయా స్టూడియో నుంచి అక్కడికే తీసుకొనిపోయినారు. ఆయన ఊరు తెనాలి దగ్గర బుర్రిపాలెం. తల్లిదండ్రుల తిథికి ఊరు వెళ్లే తరం నుంచి, తల్లిదండ్రుల తిథికి ఊరిలోనే ఉండే తరం వచ్చినది. ఫిలింనగరు దైవసన్నిధానంలో కొత్త చిత్రాలకు ముహూర్తపు కొబ్బరికాయ కొట్టేవారిలో ఇప్పుడు చాలామంది ఇక్కడ పుట్టినవారే; వారిని ‘ఎక్కడినుంచి వచ్చినారు’ అని అడిగితే ఆశ్చర్యంగా చూస్తారు.

కొండ దిగి కృష్ణానగరుకు వస్తే ఆ ప్రశ్న ఇంకా చెల్లుతుంది. డాక్టర్ ప్రభాకరరెడ్డిగారి పేరు పెట్టుకొన్న చిత్రపురి కాలనీలో ఇల్లు దక్కిన కార్మికులు కొంత తెరిపిన పడినారు. దక్కనివారు, కొత్తగా వచ్చినవారు, యూసుఫ్‌గూడ చుట్టుపట్ల ఒక గదికి నలుగురు చొప్పున ఉన్నారు. తెల్లవారుజామున కూడలిలో నిలబడి చూడండి. సంచీ భుజాన వేసుకొని, ప్రొడక్షను వ్యాను కోసం ఎదురుచూస్తూ, శ్రీకాకుళం కుర్రవాడూ, పాలమూరు కుర్రవాడూ ఒకే గ్లాసు టీని రెండుగా పంచుకొంటూ ఉంటారు. వ్యాను మనిషి వచ్చి కాగితం మీద పేరు, ఊరు రాసుకొంటాడు. పేరు చెప్పిన తరువాత ఇద్దరూ తమ పల్లెల పేర్లే చెప్తారు.