చేప ఒంటి జిగురే దానికి కవచం



కొల్లేటి చుట్టుపట్ల చెరువుల్లో బొచ్చె, శీలావతి పెంచే మీరు, జబ్బు కనబడగానే "ఏ మందు చల్లమంటారు?" అని అడుగుతుంటారు. మందుకంటే ముందే చేపకు తన రక్షణ తనకున్నది. చేపను పట్టుకుంటే చేతికి జిగురు అంటుతుంది గదా! రోగక్రిములను చంపే పదార్థాలు అందులో ఉన్నవి. ఆ పొర చెదిరితే జబ్బుకు వాకిలి తెరిచినట్లే.

క్రిందటేడు ఒక రైతు మిట్టమధ్యాహ్నం మూడుసార్లు వల లాగించి, పిల్లలను పొడి గట్టుమీద పోసి లెక్కపెట్టించాడు. వారం తిరక్కుండా ఎర్రమచ్చలు లేచి, చేపలు గట్టువారన తేలినవి. ఆనాడు నేనూ అక్కడే ఉండి వద్దనలేదు. ఆ తప్పులో నాకూ పాలున్నది.

కనుక వల చల్లనిపూటే లాగండి. చేపను తడిచేతులతోనే పట్టండి. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే, నీటిలో ప్రాణవాయువు తగ్గిందన్నమాట. ఆ పూట మేత ఆపి, కొత్తనీరు పెట్టండి, లేదా ఏరేటర్లు తిప్పండి. ఊపిరాడక అలసిన చేపకు రోగాన్ని ఎదిరించే సత్తువ ఉడిగిపోతుంది.

ఇక మేత సంగతి. తవుడు, చెక్క మాత్రమే చాలవు. చాలా రకాల చేపలు సి విటమినును ఒంట్లో తయారుచేసుకోలేవు. అది వేడికి చెడుతుంది, చిల్లుల సంచిలోంచి నీటిలోకి కారిపోతుంది. అందుచేత పెట్టబోయే ముందు మేతకు కలిపి, పైన కాస్త నూనె పట్టించండి. ఈస్టులోని బీటా గ్లూకాన్ చేప రక్తంలోని తెల్లకణాలను మేల్కొలుపుతుంది. దాన్ని చలికాలానికి ముందు కొద్దివారాలు పెట్టండి, ఎల్లకాలం అక్కర్లేదు.

జబ్బు వచ్చాక మందుకు పరుగెత్తడం కంటే, చేప కవచాన్ని మనం చింపకుండా ఉండటం మేలు. సెలవు.