సగములో విడిచిన పని
(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచి సుమారు 10,000 మందిని బలిగొన్నప్పుడు మేము కాలేజీ విద్యార్థులము. 1969లో ఆరంభమైన జాతీయ సేవా పథకములో చేరియుంటిమి. ఉయ్యూరునుండి బియ్యము, బట్టలు మోసికొని పోయితిమి. అక్కడ ఏ కాలేజీ, ఏ కులము అని ఎవరును అడుగలేదు. కాని పని కాగానే తిరిగి వచ్చితిమి. ఉప్పెక్కిన బావుల సంగతి మరల విచారింపలేదు. అది మా లోపము.

2015లో ఐక్యరాజ్యసమితి 2030 నాటికి సాధింపవలెనని 17 లక్ష్యములు పెట్టుకొన్నది. మంచినీరు, వాతావరణము వాటిలో ఉన్నవి. అవి ఎక్కడివో దూరపు మాటలు కావు. సముద్రమట్టము పెరిగినచో ముందుగా దెబ్బ తినునవి మన కాలువల చివరి పొలములే.

2008లో బందరులో కృష్ణా విశ్వవిద్యాలయము ఏర్పడినది. దాని పరిధిలోని కాలేజీలలో మన పిల్లలు చదువుచున్నారు. రసాయన శాస్త్రము చదువు అమ్మాయి బావినీటిని పరీక్షింపవచ్చును. కామర్సు చదువు అబ్బాయి రైతు నష్టమును లెక్కకట్టవచ్చును. తెలుగు చదువువారు ఆ ఫలితమును పల్లెవారికి తెలియజెప్పవచ్చును. ఏ పని వచ్చినవారు ఆ పనికి ముందుండుటయే నాయకత్వము.

వారు కూడుకొనుటకు చోటు కావలెను. ఆదివారము సాయంకాలము మన హాలు తాళము తీయుదమా? మేము విడిచిన పనిని వారు ముగింతురుగాక.