కోలుకున్నవారిని పనికి పిలవండి

ఈ వారం రేడియో దగ్గర కూర్చున్న తల్లిదండ్రులతోను, యౌవనస్థులతోను ఒక కష్టమైన సంగతి మాట్లాడాలని ఉన్నాను. ఇంటర్ చదువుతున్న మీ కుమారుడు రెండు నెలలుగా సరిగా నిద్రపోవడం లేదనుకోండి. అన్నం దగ్గర మాట లేదు. గదిలోకి వెళ్లి తలుపు వేసుకొంటాడు. మీరు ఎవరితో చెబుతారు? బంధువులతో చెబితే రేపు అమ్మాయి పెండ్లి సంబంధానికి అడ్డమవుతుందని భయం. సంఘంలో చెబితే ప్రార్థన చేస్తారు, మంచిదే, కాని వచ్చే ఆదివారం అందరి చూపూ వాని మీదనే ఉంటుంది. డాక్టరు దగ్గరకు పోదామంటే "నాకేమైనా పిచ్చా?" అని వాడే లేచిపోతాడు. ఇలాగే నెలలు గడచిపోతాయి.

ఇది ఒక్క మీ ఇంటి సంగతి కాదు. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో జరిపిన జాతీయ సర్వేలో 13 నుండి 17 ఏండ్ల పిల్లలలో నూటికి ఏడుగురికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్లు తేలింది. 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకొన్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తరువాతి రోజులు మీలో చాలామందికి జ్ఞాపకముండే ఉంటాయి. వైద్యులు కావాలి, మందులు కావాలి. మందు వేసుకోవడం విశ్వాసానికి విరోధమని ఎవరైనా బోధిస్తే దయచేసి నమ్మవద్దు. అయితే వైద్యుని గది వరకు ఆ పిల్లవాణ్ణి నడిపించేదెవరు? నాలుగు రోజుల తరువాత మాత్ర వేసుకోనని మొండికేస్తే వాని పక్కన కూర్చునేదెవరు? ఆ చోట మీ మాట, నా మాట అంతగా పనిచేయవు. "నాకూ ఇలాగే అయిందిరా, నేనూ ఆ మాత్రలు పారవేసినవాణ్ణే" అని చెప్పగలిగిన అన్న ఒకడు కావాలి.

పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక మొదట్లోనే, ఆదరణ పొందినవాడు ఇతరులను ఆదరించగలడనే సంగతి ఉంది. మనం దానిని సాక్ష్యాల కూటానికే పరిమితం చేసుకొన్నాం. త్రాగుడు మానినవాణ్ణి, నిరాశలోనుండి లేచిన చెల్లెలిని వేదిక మీదికి పిలుస్తాం. పది నిమిషాలు మాట్లాడిస్తాం, చప్పట్లు కొడతాం, ఇంటికి పంపిస్తాం. ఆ అనుభవంతో వారు చేయగల పని ఏమిటని అడగం.

అమెరికాలో దీనిని ఒక ఉద్యోగంగా చేశారు. పీర్ సపోర్ట్ అంటారు. మనం తోడు అనుకొందాం. మానసిక రుగ్మతనుండి కోలుకొన్న వ్యక్తి అదే బాధలో ఉన్న మరొకరికి తోడుగా పనిచేస్తే, పేదల ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ నుండి ఆ సేవకు డబ్బు రాబట్టిన మొదటి రాష్ట్రం జార్జియా. అది 1999లో జరిగింది. 2007లో అక్కడి కేంద్ర ప్రభుత్వం అన్ని రాష్ట్రాలకు లేఖ వ్రాసి కొన్ని షరతులు పెట్టింది. ఈ పనివారికి శిక్షణ, సర్టిఫికెట్టు ఉండాలి. వారి పనిని చూచుకొనే పైవారు ఒకరుండాలి. మిగిలిన చికిత్సతో వారి పని కలిసి నడవాలి. ఉత్త మంచి మనసు చాలదని వారు గ్రహించినందుకు నేను సంతోషిస్తాను.

2013లో ఇంకొక మెట్టు ఎక్కారు. రుగ్మత ఉన్న బిడ్డను పెంచిన తల్లిదండ్రులు కూడ మరొక తల్లికి, మరొక తండ్రికి తోడుగా ఉండవచ్చునని స్పష్టం చేశారు. ఇది చాలా అవసరమైన మాట. బిడ్డకు మందు దొరికినా, "నా పెంపకం వల్లనే ఇలా అయ్యాడు" అని రాత్రంతా ఏడ్చే తల్లికి మందెక్కడిది? అదే దుఃఖం దాటి వచ్చిన మరొక తల్లి చెబితేనే ఆమె వింటుంది.

అయినా అక్కడ అంతా సరిగా లేదు. ఈ పనికి జీతం తక్కువ. జబ్బుగా ఉన్న రోజులలో పోలీసు కేసు పడినవారికి, అనుభవం ఎంత ఉన్నా, నేరచరిత్ర తనిఖీలో తలుపు మూసుకొనిపోతుంది. మరి భాష? టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన తెలుగు తల్లి ఆఫీసులో ఇంగ్లీషు బాగానే మాట్లాడుతుంది. కాని కుమార్తె చేతి మీద కోతలు చూచిన రాత్రి ఆమె నోట వచ్చేది తెలుగే. "నలుగురూ ఏమనుకొంటారు" అనే మాట బరువు ఇంగ్లీషులో ఎలా వివరించాలి? అందుకే పనివారు ఎక్కువమంది అయితే చాలదు, ఎన్నో రకాల ఇండ్లనుండి రావాలి.

జింబాబ్వే దేశం చూడండి. ఆస్పత్రికి రావడానికి బస్సు ఛార్జీ లేక ఒక యువతి ప్రాణం తీసుకొన్నదని తెలిసి కుమిలిపోయిన డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు, 2006లో హరారే పట్టణంలోని ఎంబారే పేటలో 14 మంది అవ్వలకు శిక్షణ ఇచ్చాడు. క్లినిక్ ఆవరణలో బల్ల వేసి వారిని కూర్చోబెట్టాడు. మొదట దానికి మానసిక ఆరోగ్యపు బల్ల అని పేరు పెడితే ఎవరూ వచ్చి కూర్చోలేదు. అవ్వలే స్నేహపు బల్ల అని పేరు మార్పించారు. పేరు సంగతి మన సంఘాలు కూడ ఆలోచించాలి.

అయితే పదిహేడేండ్ల పిల్ల అవ్వతో అన్నీ చెబుతుందా? చెప్పదు. అదే దేశంలో 2004లో మొదలైన జ్వాందిరి అనే కార్యక్రమంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్న 18 నుండి 24 ఏండ్ల యువతీయువకులే, అదే స్థితిలోని తమకంటె చిన్నవారి ఇండ్లకు వెళ్తారు. మందుల సంగతీ, మనసు సంగతీ రెండూ మాట్లాడుతారు. ఆ పేరుకు 'నేనున్నట్టుగానే' అని అర్థం. రెండు జిల్లాలలో 16 క్లినిక్కులను పోల్చి చూశారు. 96 వారాల తరువాత, వైరస్ అదుపులో లేనివారు, చనిపోయినవారు కలిసి మామూలు వైద్యం మాత్రమే ఉన్నచోట నూటికి 36 మంది. ఈ తోడు కూడ ఉన్నచోట 25 మంది.

ఇప్పుడు మీ ఊరికి రండి. ఇంటర్ ఫెయిలై, చావాలనుకొని, సప్లిమెంటరీ వ్రాసి పాసైన అన్న మీ వీధిలో ఉండవచ్చు. తండాలోని పిల్లకు లంబాడీ మాట్లాడే అక్క కావాలి. హాస్టల్‌లో కులం పేరుతో అవమానం పొందిన విద్యార్థికి ఆ అవమానం ఎరిగినవాడు కావాలి. చెవిటి యువకునికి సైగల భాష తెలిసినవాడు కావాలి. కాన్పు తరువాత మనసు చెదరిన కోడలి దగ్గరకు మగ పాస్టరును పంపించి ఏమి లాభం? సంఘంలో ఎప్పుడూ ముందు బెంచీలవారికే శిక్షణ ఇచ్చే అలవాటు మనది. ఈ పనికి అది అస్సలు సరిపడదు.

కమిటీ పెద్దలారా, ఇందులో డబ్బు మాట కూడ ఉంది. సౌండు సిస్టముకు చందా పోగు చేస్తాం, ఈ పనివారికి మాత్రం సేవ అని చెప్పి బస్సు ఛార్జీ కూడ ఇవ్వం. నెలకు ఇంత అని గౌరవంగా ఇవ్వండి. వారంలో ఇన్ని ఇండ్లకు మించి పంపవద్దు. విన్నది బయట చెప్పకూడదని నేర్పించండి. ఒక్క సంగతిలో మాత్రం మినహాయింపు: ప్రాణం తీసుకొంటానని ఎవరైనా అంటే ఆ రహస్యం దాచకూడదు, వెంటనే ఇంటివారికీ వైద్యునికీ చేరాలి. తోడుగా వెళ్లినవారికే మరల చీకటి కమ్మితే వారికి సెలవు, చికిత్స దొరకాలి. వారిని తప్పు పట్టరాదు.

ఈ రాత్రే మీ ఇంట్లో ఆపద ఉంటే కూటం కొరకు కనిపెట్టవద్దు. 2022 అక్టోబరులో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేయండి. పగలు, రాత్రి ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. మీరు కోలుకొన్నవారైతే, లేదా అట్టి బిడ్డను పెంచినవారైతే, మీ ఊరు, మీరు ఇంట్లో మాట్లాడే భాష, ఎవరి దగ్గర కూర్చోగలరో రెండు వాక్యాలు మాకు వ్రాయండి. పోస్టుకార్డు మీద వద్దు, కవరులో పెట్టి అంటించి పంపండి.