కారులో పాటకు ఉపగ్రహమా, యాపా?

భారత్‌లో వరల్డ్‌స్పేస్ ఉపగ్రహ రేడియో 2009 చివర్లో మూతపడింది. అమెరికాలో మాత్రం సిరియస్ ఎక్స్‌ఎం నడుస్తోంది. అక్కడ కారు కొనే మనవాళ్లు దానికి చందా కట్టాలా, స్పాటిఫై లాంటి యాప్‌తో సరిపెట్టుకోవాలా?

నెవాడా ఎడారి దారిలో ఫోన్ సిగ్నల్ పోయినా ఉపగ్రహ రేడియో మోగుతూనే ఉంటుంది. పైన ఆకాశానికి అడ్డు లేకుంటే చాలు. సొరంగంలోకి వెళ్తే తెగిపోతుంది. పైగా ఈ రేడియోలో స్టేషన్ వాళ్లు వేసిన పాటే వినాలి. యాప్‌లో ఘంటసాల నుంచి తమన్ దాకా మీరు కోరిందే వస్తుంది. ప్రీమియం చందా ఉంటే, బయల్దేరే ముందే ఇంట్లో వైఫైతో పాటలు డౌన్‌లోడ్ చేసుకోండి. సిగ్నల్ లేకున్నా వినొచ్చు.

దారిపొడవునా ఆటల వ్యాఖ్యానం, వార్తలు కావాలంటే ఉపగ్రహ రేడియో మేలు. తెలుగు పాటలే ప్రాణమైతే యాప్ చాలు. ఉపగ్రహ రేడియో ఉచిత ట్రయల్ ఉంటే, ఆ గడువు ముగిసేలోపే రెండూ విని తేల్చుకోండి.