తాయెత్తు కన్నా ముందు డాక్టరు

పెదపారుపూడిలోనో, గుడివాడలోనో కుర్రాడొకడు ఎవరో తిడుతున్నారంటూ చెవులు మూసుకుంటే, గాలి సోకిందని తాయెత్తు కట్టించేవాళ్లు ఇంకా ఉన్నారు. అది స్కిజోఫ్రీనియా అనే, మెదడుకు సంబంధించిన మానసిక జబ్బు కావచ్చు.

1976లో పరిశోధకురాలు ఈవ్ జాన్‌స్టోన్ బృందం ఇంగ్లండులో ఈ జబ్బు ముదిరినవారికి సీటీ స్కాన్ తీసి, మెదడు లోపల ద్రవం ఉండే గదులు పెద్దవైనట్టు చూపింది. తర్వాత ఎంఆర్‌ఐ పరిశోధనల్లో మెదడులోని బూడిదరంగు పదార్థం సగటున తగ్గినట్టు, కొందరిలో ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా తగ్గుతున్నట్టు తేలింది. ఇందులో మందుల ప్రభావమూ కొంత ఉండవచ్చు. అలాగని దయచేసి సొంతంగా మానేయకండి, జబ్బు తిరగబెట్టవచ్చు.

స్కాన్ ఒక్కటే చూసి ఈ జబ్బును తేల్చలేరు. చికిత్స ఎంత త్వరగా మొదలైతే కోలుకునే అవకాశం అంత ఎక్కువ. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.