సాక్చి ఉక్కు, రాజధాని నిబంధన



పట్టభద్రులైన మీలో చాలామంది తాతముత్తాతలు శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి కార్ఖానా పని వెతుక్కుంటూ ఇక్కడికి, సాక్చికి వచ్చారు. ఆ పని ఎలా పుట్టిందో ఈరోజు చెప్పాలనిపించింది.

గొరుమహిసాని కొండల్లో ఇనుము, ఝరియాలో బొగ్గు, సువర్ణరేఖ, ఖర్కాయిల్లో నీళ్లు అనాదిగా ఉన్నాయి. దేశమంతా రైలు మార్గాలూ ఉన్నాయి. కానీ పట్టాలు బ్రిటన్ నుంచి ఓడల్లో దిగేవి. అంత పెద్ద మార్కెట్ మన నేల మీదే ఉండీ మనకు దక్కలేదు. 1899లో గనుల నిబంధనలు సడలాయి. తర్వాత ఏటా 20 వేల టన్నుల పట్టాలు, పదేళ్లపాటు, ఇక్కడ తయారైతే దిగుమతి ధరకు కొంటామని బ్రిటిష్ ప్రభుత్వం మాటిచ్చింది. 1907 చివర్లో కర్మాగారానికి సాక్చి స్థలం దొరికింది, 1912లో ఉక్కు వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక చవక విదేశీ ఉక్కు ముంచెత్తితే, 1924 ఉక్కు పరిశ్రమ రక్షణ చట్టం సుంకాలతో, సాయంతో ఆదుకుంది. ఆ చట్టం లేకుంటే ఈ నగరం ఇలా ఉండేది కాదని నా గట్టి నమ్మకం.

స్వాతంత్ర్యం తర్వాత ప్రభుత్వపు చెయ్యే ఈ నేలను దెబ్బతీసింది. 1950ల నుంచి రవాణా ఖర్చు సమం చేసి, ఇక్కడి ఉక్కును దేశంలో ఎక్కడైనా ఒకే ధరకు అమ్మించారు. ఉక్కుతో యంత్రాలు చేసేవాళ్లకు గనుల దగ్గరికి రావలసిన అవసరం లేకపోయింది. బొంబాయి వైపు పత్తి మీద మాత్రం అలాంటి రవాణా సమానత్వం పెట్టలేదు! 1992లో ఆ పద్ధతి ఎత్తేసేసరికి ఓ తరం గడిచిపోయింది.

ప్రభుత్వ నిర్ణయం ఎంత తేడా తెస్తుందో విశాఖలోనూ చూడండి. అదే 1992లో జాతికి అంకితమైన ఆ ఉక్కు కర్మాగారానికి సొంత ఇనుప గని లేదు. ఇక్కడి కర్మాగారానికి నోవాముండి గని ఉంది. అమ్ముకునే బజారు రెండింటికీ ఒకటే, గని కేటాయింపు మాత్రం వేరు. విశాఖ కష్టాలకు ఇదొక్కటే కారణం కాదు గానీ, పెద్ద కారణమే.

2018లో మనం జపాన్‌ను దాటి ఉక్కు ఉత్పత్తిలో ప్రపంచంలో రెండో స్థానానికి చేరాం. మొదటి స్థానంలో ఉన్న చైనా ప్రపంచపు ఉక్కులో సగానికి పైగా చేస్తోంది. మన తలసరి వాడకం ఇంకా ప్రపంచ సగటులో సగం దగ్గరే ఉంది. అంటే మార్కెట్ ఇంకా ఎంతో పెరగాలి. దాన్ని మన చేతికి అందేలా చేసే నిబంధనలు రాయబోయేది మీ తరమే.

రేపు మీలో ఎవరు ఏ కార్యాలయంలో కూర్చున్నా, ఒక నిబంధన మీద సంతకం పెట్టే ముందు దాని భారం ఏ జిల్లా మోస్తుందో లెక్క కట్టండి. ఆ లెక్కను ఫైలులోనే రాయండి.